గోదావరి లంకలో మా అవ్వ నడక

కోనసీమ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మా వీధిలో అందరూ అడిగేది ఒకటే: అక్కడ నిజంగా అన్ని నీళ్లున్నాయా అని. ఉన్నాయి. రోడ్డుకి ఒక పక్క కాలవ, రెండో పక్క చేలకి పోయే బోదె, ఇంటి వెనక మళ్లీ కాలవ. వాటిలో ఒక్కటి మా అనంతపురంలో పారినా రోజూ హారతి పట్టేవాళ్లం. అయితే నేను వెళ్లింది నీళ్లు చూడ్డానికి కాదు. నా సినిమాని ఇంకొకరు తీశారని తెలిసి, అదేమిటో చూద్దామని వెళ్లాను.

నేను స్కూల్లో తెలుగు చెప్పే టీచర్ని. కొన్నేళ్ల కిందట వేసవి సెలవుల్లో, నాకు తమ్ముడి వరసయ్యే భాస్కర్, నేను కలిసి చేతి కెమెరాతో ఒక చిన్న సినిమా తీశాం. పేరు "మూడు మైళ్ల నీళ్లు". అందులో కథంటూ పెద్దగా లేదు. మా అవ్వ నారాయణమ్మ తెల్లవారక ముందే బిందె చంకనేసుకుని దూరపు బావికి పోతుంది. దారిలో ఒక్క మనిషీ ఎదురుపడడు. నీళ్లు తెచ్చి గడప దగ్గర దించుతుంది. అంతే. దాన్ని నాలుగైదు ఊళ్లలో సినిమా పిచ్చోళ్లు చూశారు, సీడీలు చేతులు మారాయి. ఆ మరుసటేడు అవ్వ పోయింది.

ఒకరోజు స్కూలుకి ఫోనొచ్చింది. కొత్తపేట నుంచి నాగమణి అనే ఆవిడ. పెళ్లి వీడియోలు తీస్తుందట. "మీ సినిమా చూసి మేమూ ఒకటి తీసేమండీ. మొదటి భాగం అచ్చం మీదేనండి. మీరొచ్చి చూసి సరేనంటేనే పదిమందికీ చూపిస్తాం. వద్దంటే బీరువాలో పెట్టేస్తాం" అంది.

భాస్కర్ వద్దనమన్నాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. పెద్ద సినిమావాళ్లకి హీరోలున్నారు, పాటలున్నాయి, పోస్టర్లున్నాయి. మనలాంటోళ్లకి ఉండేది కెమెరా ఎక్కడ పెట్టామన్నది ఒక్కటే కదక్కా, అదీ ఇచ్చేస్తే మన దగ్గర ఏం మిగుల్తుంది అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఐనా చూడకుండా వద్దనడం ఎట్లా అని బయల్దేరాను.

రావులపాలెం

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాను. రావులపాలెం రాగానే అరటి గెలల వాసన బస్సులోకే వచ్చేసింది. మా వైపు అరటిపండు కొనాలంటే ఎంచి, బేరమాడి, డజను కొంటాం. ఇక్కడ గెలలు గెలలు నేల మీద పడుకోబెట్టి, మధ్యలో మనుషులు నడవడానికి సందు వదిలారు. పక్క సీటులో పెద్దాయన రెండు పళ్లు కొని, ఒకటి నా చేతిలో పెట్టి, తర్వాత ఏ ఊరని అడిగాడు. మా దగ్గర ముందు ఊరు అడుగుతారు, తర్వాతే పెట్టేది.

అక్కడే నాకు మొదటి పొరపాటు జరిగింది. కొత్తపేట ఆటో అతన్ని "అమలాపురం రోడ్డులో నాగమణిగారి ఫోటో స్టూడియో తెలుసా?" అని అడిగితే "ఆయ్" అన్నాడు. మా ఊళ్లో ఆయ్ అంటే పిల్లల్ని గదమాయించడం. నేనేం తప్పడిగానా అని వెనక్కి తగ్గి ఇంకో ఆటో దగ్గరికి పోయాను. అతనూ "ఆయ్" అన్నాడు. వీళ్లందరికీ ఇవాళ కోపంగా ఉందేమో అనుకుంటూ నిలబడితే, మొదటి అతను వచ్చి నా సంచీ తీసుకుని, "ఆయ్ అన్నాను కదండీ, ఎక్కండి" అన్నాడు. ఆయ్ అంటే ఇక్కడ అవునండీ అని అర్థం. తర్వాత రెండు రోజుల్లో నేనూ ఎన్నిసార్లన్నానో లెక్కలేదు.

కొత్తపేట

నాగమణికి నలభై ఏళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, జడ కొప్పు చుట్టి, మెడలో పెళ్లి వీడియోలు తీసే కెమెరా తాలూకు పటకా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఆటో దిగగానే దండం పెట్టింది. ముఖంలో నవ్వుంది కానీ చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

భర్త కువైట్‌లో డ్రైవరు. వ్యాపారం పెంచుకోమని ఆయనే ఈ కెమెరా పంపాడు. కోనసీమలో ఆడ వీడియో ఆపరేటరంటే పెళ్లికూతుళ్ల వైపు మంచి గిరాకీ. పెళ్లికూతుర్ని చేసే గదిలోకి మగ కెమెరామాన్ రాలేడు కదా.

సినిమా ఇక్కడ చూపించనంది. దాన్ని గోదావరి మధ్యలో ఉన్న లంకలో, తన అత్తగారింట్లో చూడాలట. అందులో నటించింది ఆ అత్తగారే. ఆవిడ లేకుండా చూపిస్తే ఊరుకోదట. ఆ పూటకి భోజనం పెట్టింది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, చేపల పులుసు, చివర్న మీగడ పెరుగు. మా ఇంట్లో సంగటి, పప్పు, ఇంత గోంగూర. కడుపు నిండ్డం రెండు చోట్లా ఒకటే కానీ ఇక్కడ నిండిన తర్వాత కూడా ఆపరు. "అబ్బే, ఏం తిన్నారండీ" అంటూ ఇంకో గరిటె వేస్తారు. మా దగ్గర చాలు అంటే చాలు. ఇక్కడ చాలు అన్న దగ్గర్నుంచి మర్యాద మొదలవుతుంది.

వడ్డిస్తూనే తన గొడవ చెప్పింది. హైదరాబాద్‌లో చిన్న సినిమాల పోటీకి పంపుదామని తనతో పనిచేసిన నలుగురూ అంటున్నారు. కాని ఆ మొదటి భాగం కోసెయ్యాలట, లేకపోతే జడ్జీలు కాపీ అంటారట. ఈవిడ కొయ్యనంటోంది. కోసేసి, ఎక్కడ్నుంచి నేర్చుకున్నామో దాచిపెట్టి పంపడం తనకి చేతకాదంది. ఎల్లుండి అమలాపురంలో కల్యాణ మండపం కూడా మాట్లాడేశారు. నేను వద్దంటే ఆ హాల్లో ఏం చెయ్యాలో తనకి తెలియదు.

అంటే చూడకముందే నా చేతిలో కత్తి పెట్టి కూర్చోబెట్టారన్నమాట.

ముక్తేశ్వరం దాటి

మర్నాడు ముక్తేశ్వరం మీదుగా రేవుకి వెళ్లాం. కొబ్బరితోటల్లో ఎండ నేల మీద పడదు, ఆకుల్లోనే ఆగిపోతుంది. దాహంగా ఉందంటే నీళ్లివ్వకుండా బొండం కొట్టిచ్చారు. నాలుగు రూపాయలట. మా ఊరి బస్టాండులో అప్పటికే పదికి తక్కువ లేదు. రేవు చేరేలోగా మూడు తాగాను. మూడోది తాగాక పడవ ఎక్కడం మంచి ఆలోచన కాదని లంకలో దిగేటప్పటికి తెలిసొచ్చింది. దానికి తోడు పడవలోంచి ఒడ్డు మీదకి అడుగేస్తే బురదలో మోకాలి దాకా దిగిపోయాను. కాలొచ్చింది, చెప్పు రాలేదు. పడవాయన చెయ్యి పెట్టి చాలాసేపు వెతికి, "గోదారమ్మ ఉంచేసుకుందండి" అన్నాడు. అనంతపురం చెప్పు ఒకటి ఇప్పటికీ ఆ రేవులో ఉంది.

ఒంటి చెప్పుతో నడుస్తుంటే నాగమణి తనవి విప్పి ఇచ్చింది. వద్దన్నా వినలేదు. ఇసక దారి, రెండు పక్కలా కూరగాయ పాదులు. గోడల మీద నా భుజం ఎత్తులో ఒక గీత కనబడింది, మట్టి రంగులో. ఇల్లిల్లూ అదే ఎత్తులో ఉంది. అదేమిటంటే, వరద నీళ్లు అక్కడిదాకా వచ్చాయని నాగమణి చెప్పింది.

అంత నీళ్లొస్తే మరి తాగడానికి అని అడిగాను. నవ్వింది. "అదేనండి మా సినిమా. ఊరినిండా నీళ్లే. తాగడానికి చుక్కుండదు. నూతులూ బోర్లూ మునిగిపోతాయి. పడవ మీద డ్రమ్ముల్లో వస్తే తాగడం, లేకపోతే లేదు."

నేను నడక ఆపేశాను. నీళ్లు కరువైతే మనిషి నడుస్తాడని నాకు తెలుసు. నీళ్లెక్కువై కరువొస్తుందని ఇంతవరకూ ఆలోచించలేదు.

అచ్చాయమ్మగారి వసారా

అత్తగారి పేరు అచ్చాయమ్మ. డెబ్బై దాటిన మనిషి. మనిషి పొట్టి, గొంతు గట్టి. నా కాళ్ల బురద చూసి ముందు చెంబుతో నీళ్లిచ్చి, కాళ్లు కడుక్కోమంది. తర్వాత ఎదురుగా కూర్చుని నా ముఖం తేరిపార చూసి, "ఆవిడ పోలికే" అంది. మా అవ్వని ఆవిడ ఎన్నడూ చూడలేదు. సీడీలోనే చూసింది.

నాగమణి టీవీ మీది లేసు గుడ్డ తీసి సీడీ పెట్టింది. వసారాలో ఇరుగుపొరుగు కూడా చేరారు.

తలుపు గడియ తీసే చెయ్యి. ఆ తర్వాత మూలనున్న బిందె. ఆ తర్వాత వీపు. కెమెరా ఆ వీపు వెనకాలే వీధిలోకి వచ్చింది. వరస తప్పలేదు. నేనెంత సేపుంచానో అంత సేపే ఉంచింది, ఎక్కడ మాట లేకుండా వదిలానో అక్కడ వదిలింది. నా చెవులు వేడెక్కాయి. దొంగ ఎవరో మా ఇంట్లో సామానంతా తీసుకెళ్లి తన ఇంట్లో సర్దుకుని, నన్నే పిలిచి పీట వేసి చూపిస్తున్నట్టుంది. భాస్కర్ గుర్తొచ్చాడు. ఇక లేద్దామనే అనుకున్నాను.

అప్పుడు తెర మీద అచ్చాయమ్మగారు ఆగింది. బిందె ఎడమ పక్కన ఉంది. కుడిచేత్తో తుంటి ఒకసారి తడుముకుని, తలెత్తి ఎటో చూసి, మళ్లీ కదిలింది.

అది మా అవ్వ. ఆగడం అవ్వదే, ఆ తలెత్తడం అవ్వదే. అవ్వ పోయాక నేను మా సినిమా మళ్లీ చూడలేదు, ధైర్యం చాలలేదు. అలాంటిది నాకేమీ కాని ఒక ముసలావిడ, మాకు ఇంత దూరంలో, గోదావరి మధ్యలో, మా అవ్వలాగ నడుస్తోంది. కళ్లు తుడుచుకున్నాను. పక్కింటావిడ నా వైపు కొంచెం జరిగి కూర్చుంది.

ఆ తర్వాత వీధి అయిపోయింది. ముందు నీళ్లు. కెమెరా అక్కడ ఆగి, ఎటు పోవాలో తెలియనట్టు కొంచెం ఊగింది. దూరంగా డ్రమ్ములేసుకుని పడవొస్తోంది. అక్కడ్నుంచి ఆ సినిమా నాది కాదు.

పడవలో బిందె నింపారు. అయితే నిండు బిందెతో ఆవిడ ఇంటికి పోవడమెలాగ? పడవొచ్చేసరికి వరద పెరిగి, వచ్చిన దారిలోనూ నడుము లోతు నీళ్లు. పడవాయన బిందెని అరుగు మీద నిలబడ్డ ఒకతనికి అందించాడు. అతను అరటి తెప్ప మీదున్న ఆడపిల్లకి. ఆ పిల్ల మెట్ల మీదున్న ఇంకొకావిడకి. అలా చేతులు మారుతూ బిందె పోతోంది, ముసలావిడ నీళ్లలో నెమ్మదిగా దాని వెనకాల వస్తోంది. మధ్యలో ఒకావిడ బిడ్డకి గ్లాసుడు వంపుకుంది. ఇంకొకాయన దోసిట్లో పట్టుకుని గుక్క తాగాడు. చివరికి బిందె ముందు చేరింది, మనిషి తర్వాత చేరింది. అచ్చాయమ్మగారు బిందెలోకి తొంగి చూసింది. కాసేపు అలాగే చూసింది.

"ఎవరో తాగేరు" అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "తాగనీ" అంది.

సినిమా అయిపోయింది.

మా సినిమాలో దారి పొడుగునా ఒక్క మనిషీ లేడు. ఉండడు కూడా, మా ఊరు అలాంటిది. వీళ్ల సినిమాలో ఆవిడని ఒంటరిగా వదిలినవాళ్లు ఒక్కరూ లేరు. ఇది నేనెప్పటికీ తియ్యలేను. నాకు తట్టదు.

టీవీ కట్టేసి నాగమణి నా ముఖం చూడకుండా చెప్పడం మొదలెట్టింది. ఇన్నేళ్లూ తీసింది పెళ్లిళ్లే. తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, ఎవరి పెళ్లయినా అవే షాట్లు. తనంతట తాను ఒకటి తీద్దామంటే కెమెరా ఎక్కడ పెట్టాలో తెలియలేదు. 

"అందుకని మీరు పెట్టిన చోటే పెట్టేనండి. వీధి చివరిదాకా మీ వెనకాలే వచ్చేను. ఆ తర్వాత మీరు పెట్టిన చోట మా ఊళ్లో నీళ్లున్నాయి. ఇంక నాకు నేనే వెతుక్కోవాల్సొచ్చింది."

ఇంతలో అచ్చాయమ్మగారికి ఓపిక అయిపోయింది. తను ఎలా చేసిందో చెప్పమంది. మా అవ్వలాగే ఉందన్నాను. మరి అలా ఆగి ఆగి ఎందుకు నడిచేది, ఎడం పక్కే ఎందుకెత్తుకునేది అని అడిగింది. తనకి కుడి పక్క అలవాటట, ఎడమకి మార్చుకోవడంలో నడుం పట్టేసి కోడల్ని నానా మాటలూ అందట. అవ్వ చిన్నప్పుడు చింతచెట్టు మీద నుంచి పడిందని, కుడి తుంటి నొప్పి చివరిదాకా తగ్గలేదని చెప్పాను. అచ్చాయమ్మగారు తన కుడి తుంటి మీద చెయ్యేసుకుంది.

"అయితే నేను నొప్పి లేకుండా నడిచేనమ్మా" అంది. "తెలిస్తే ఇంకాస్త బాగా చేసేదాన్ని."

మొదటి భాగం కొయ్యవద్దని నాగమణికి అప్పుడే చెప్పాను. సినిమా మొదట్లో ఒక అట్ట మీద నా పేరు రాసి కృతజ్ఞతలు పెడతానంది. నా పేరు చిన్నగా వేసినా ఫరవాలేదు కాని, "నడక: నారాయణమ్మ, అనంతపురం" అని వెయ్యమన్నాను. నాగమణి ఆయ్ అంది.

అమలాపురం

కల్యాణ మండపం నిండిపోయింది. లంక నుంచి మూడు పడవల జనం వచ్చారు. అచ్చాయమ్మగారు పట్టుచీర కట్టుకుని మొదటి వరసలో నా పక్కనే కూర్చుని, తెర మీద తను కనిపించినప్పుడల్లా నా మోచేయి పొడిచింది. "తాగనీ" అన్న చోట హాలంతా ఒకేసారి నవ్వింది. ఆ నవ్వు చివర్న కొందరు ముక్కులు ఎగబీల్చడం వినబడింది.

అయిపోయాక వెనక నుంచి ఒక కుర్రాడు లేచాడు. కాలేజీలో సినిమాల గురించి రాసే పిల్లాడట. మర్యాదగానే అడిగాడు. ఈ మేడంగారి సినిమా తను చూశాడు, ఇందులో మొదటి భాగం దానికి నకలు, మరి దీన్ని సొంత సినిమా అని ఎలా అంటారండీ అన్నాడు. నాగమణి ముఖం పాలిపోయింది. మైకు నేను తీసుకున్నాను.

"మొదటి భాగం మా సినిమానే బాబూ. ఆ మాట వాళ్లే మొదట అట్ట మీద రాశారు. మిగతా భాగం ఏ సినిమాలోంచి వచ్చిందో నీకు తెలిస్తే చెప్పు. అలాంటిది ఇంకొకటుంటే నేనూ చూడాలి" అన్నాను.

అతను "లేదండీ" అని కూర్చున్నాడు. తర్వాత మళ్లీ లేచి చప్పట్లు కొట్టాడు. నేను జీవితంలో చాలా సభల్లో కూర్చున్నాను కానీ, నాది కాని పనికి అంత గర్వపడింది ఆ రోజే. పూర్తిగా నాది కాదనడానికీ లేదు.

జనం పల్చబడ్డాక రాజోలు వైపు నుంచి వచ్చిన ఒకావిడ మా దగ్గరికొచ్చింది. పేరు దుర్గ. కుట్టు మిషను పెట్టుకుందట. నాకు నమస్కారం చేసి, నాగమణి వైపు తిరిగింది. వాళ్ల ఊళ్లో బోరు వేస్తే ఉప్పు నీళ్లు పడతాయట. ఆడవాళ్లు సైకిళ్ల మీద క్యాన్లు కట్టుకుని మంచినీళ్లకి పోతారు.

"మేమూ ఒకటి తీద్దామనుకుంటున్నామండీ. మీ బిందె చేతులు మారే ముక్క మాకు కావాలి. మా క్యాన్లు అలాగే మారతాయండి. తీసుకోమంటారా?"

నాగమణి వేళ్లు మెడలోని కెమెరా పటకా చుట్టూ బిగుసుకున్నాయి. ఆ ముక్క కోసం వరదలో కెమెరాకి ప్లాస్టిక్ సంచి తొడిగి, ఎన్ని గంటలు తెప్ప మీద నిలబడిందో నాకు లంకలో వాళ్లు చెప్పారు. దాన్ని ఇంకొకరు ఇంత సులువుగా అడిగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇక జవాబు చెప్పడం నాగమణి వంతు.

"కెమెరా ఉందా మీకు?" అని అడిగింది.

"లేదండి."

"మూఢంలో పెళ్లిళ్లుండవు. అప్పుడొచ్చి పట్టుకెళ్లండి" అంది నాగమణి.

ఇంటికొచ్చాక

వాళ్ల సినిమా హైదరాబాద్ వెళ్లింది. బహుమతి రాలేదు. కానీ తెర మీద పడ్డ మొదటి పేరు మా అవ్వదేనని అక్కడ చూసిన ఒక స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. మా ఇంట్లో ఆ రోజు పాయసం చేశాం.

అంతకుముందే, నేను కోనసీమ నుంచి వచ్చిన రోజు సాయంత్రం, భాస్కర్‌ని కూర్చోబెట్టి నాగమణి ఇచ్చిన సీడీ వేశాను. మొదటి భాగమంతా చేతులు కట్టుకుని బిగదీసుకుని చూశాడు. అవ్వ ఆగిన చోట తల తిప్పేసుకున్నాడు. బిందె చేతులు మారడం మొదలయ్యాక చేతులు వదిలేసి ముందుకి వంగాడు. అయిపోయాక రిమోటు అడిగి, ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. ఆ తెప్ప మీద కెమెరా ఊగకుండా ఎట్లా పట్టుకుందక్కా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. దుర్గ సంగతి, మూఢంలో కెమెరా ఇస్తానన్న నాగమణి మాట చెప్పాను.

వాడు లేచి గోడ మీది క్యాలెండరు దగ్గరికి పోయాడు. కాయితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"మూఢం ఎప్పుడొస్తుందక్కా?" అన్నాడు.